పసిబిడ్డ తల చేతులతో ఒత్తితే గుండ్రంగా వస్తుందా?

పురిటి స్నానం గురించి ఒక వీడియో కొంతకాలంగా ఫ్యామిలీ గ్రూపుల్లో తిరుగుతోంది. ఒక పెద్దావిడ కాళ్లు చాపుకుని, బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుని, తలను రెండు అరచేతుల మధ్య పెట్టి ఒత్తుతూ ఉంటుంది. కింద ఉన్న మెసేజ్ సారాంశం ఇది: పుట్టిన పిల్లల తల ఎముకలు పచ్చికుండలా ఉంటాయి, 40 రోజుల లోపు రోజూ ఆముదం రాసి ఒత్తితే తల గుండ్రంగా వస్తుంది. నెత్తి మీద మాడు కొట్టుకోవడం బలహీనతకు గుర్తు, అక్కడ నూనె నిలిపి అదిమితే త్వరగా పూడుతుంది. తల మీద బొడిపె ఉంటే రుద్ది కరిగించాలి. ముక్కు రోజూ లాగితే కొనదేలుతుంది, బుగ్గన వేలు పెట్టి నొక్కితే సొట్ట పడుతుంది. ముక్కులో, చెవుల్లో రెండు చుక్కల నూనె వేస్తే మెదడుకు చలవ. ఆవాల దిండు పెడితే తల చదును కాదు. చివర్లో, ‘ఇవి డాక్టర్లు చెప్పరు’.

నేను మెడికల్ కాలేజీలో అనాటమీ చెబుతాను. మా బంధువుల్లో ఒక కొత్త తల్లి ఈ వీడియో పంపి, దానితో పాటు తన మూడు వారాల బాబు తల ఫొటో కూడా పంపింది. ‘పిన్నీ, 40 రోజులు దాటితే ఇక షేప్ రాదంట కదా, వీడికి ఇంకా ఎన్ని రోజులు టైముంది?’ అని అడిగింది. బిడ్డను చూసి మురిసిపోవాల్సిన రోజుల్లో ఆ పిల్లకు ఇంత టెన్షన్ పెట్టింది ఈ మెసేజ్. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

ముందుగా ఒకటి. బిడ్డ ఒంటికి నూనె రాసి మెల్లగా మాలిష్ చేయడం మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. బిడ్డకు హాయి, ఆ కాసేపు తల్లికి విశ్రాంతి. నా అభ్యంతరమంతా తల మీద, ముఖం మీద పెట్టే బలం గురించి, దాన్ని నమ్ముకుని చేసే ఆలస్యం గురించి.

‘తల ఎముకలు పచ్చికుండలా ఉంటాయి, ఒత్తితే ఆకారం వస్తుంది.’

ఇందులో కొంత నిజం ఉంది. ఆ కొంత నిజం వల్లే మిగతాదంతా నమ్మబుద్ధవుతుంది. మా డిపార్ట్‌మెంట్‌లో నెలలు నిండిన శిశువు పుర్రె ఒకటి ఉంది. విద్యార్థుల చేతికి ఇచ్చే ముందు దాన్ని కిటికీ వైపు ఎత్తి చూపిస్తాను. తలకు రెండు పక్కలా ఉండే పెరైటల్ ఎముక ఎంత పలచనంటే, దాని గుండా వెలుతురు తెలుస్తుంది. ఎముక మధ్యలో ఒక ఉబ్బు ఉంటుంది. ఆ ఉబ్బు నుంచి అన్ని వైపులకూ సన్నని గీతలు బయలుదేరి అంచుల దాకా పాకి ఉంటాయి. ఎముక ముందు ఆ ఉబ్బు దగ్గర పుట్టి, అంచుల వైపు పెరుగుతూ వచ్చిన దారి అది. అంచు నున్నగా ఉండదు, సన్నని పళ్లు పళ్లుగా ఉంటుంది. పక్క ఎముక అంచుతో ఇంకా కలవలేదు. రెండింటి మధ్య ఉన్నది పొర. ఎముకల మధ్య ఈ సందునే అతుకు అంటాం.

నుదుటి ఎముక కూడా పుట్టినప్పుడు రెండు ముక్కలే. ఇలా విడివిడిగా ఉండటం వల్లే కాన్పు సమయంలో ఒక ఎముక అంచు ఇంకో దాని మీదికి కొద్దిగా ఎక్కి, తల సన్నబడి బయటికి రాగలుగుతుంది. నొప్పులు ఎక్కువసేపు పడ్డ తొలి కాన్పులో బిడ్డ తల వెనక్కి సాగినట్టు కనిపించేది ఇందుకే. నొప్పులు రాకముందే సిజేరియన్ చేస్తే తల మొదటి రోజే గుండ్రంగా కనిపించేదీ ఇందుకే. అలా సాగిన తల కొన్ని రోజుల్లో దానంతట అదే సర్దుకుంటుంది.

మన ఇళ్లలో జరిగేది చూడండి. మూడో రోజో అయిదో రోజో బిడ్డను ఇంటికి తెస్తారు. స్నానాలు మొదలవుతాయి, తల ఒత్తుతారు. పదకొండో రోజున బారసాలకు వచ్చినవాళ్లు ‘తల ఎంత చక్కగా వచ్చిందో’ అంటారు. స్నానం పోసిన ఆవిడ చేతికి పేరొస్తుంది. ఒత్తని ఇంట్లో కూడా ఆ రోజుకు తల అలాగే వచ్చి ఉంటుంది, కానీ పక్కపక్కన పెట్టి పోల్చి చూసేవాళ్లు ఎవరు? ఆవిడ అబద్ధం చెప్పడం లేదు. కళ్లతో చూసిందే చెబుతోంది, కారణం మాత్రం వేరు.

ఆ తర్వాత తలకు ఆకారం ఇచ్చేది బయటి చెయ్యి కాదు, లోపలి మెదడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో మగబిడ్డ తల చుట్టుకొలత సగటున పుట్టినప్పుడు 34.5 సెంటీమీటర్లు, ఏడాదికి 46. ఆడపిల్లలకు సుమారు 34 నుంచి 45. ఆ ఒక్క ఏడాదిలో మెదడు బరువు 350 గ్రాముల నుంచి దాదాపు 900 గ్రాములకు చేరుతుంది. మెదడు పెరుగుతూ పొరను సాగదీస్తుంటే ఎముకల అంచుల్లో కొత్త ఎముక వేసుకుంటూ వస్తుంది. అతుకు తెరుచుకుని ఉన్నంతకాలం ఆ పని సాగుతూనే ఉంటుంది. ఏదైనా అతుకు ముందే కలిసిపోతే ఆ అతుక్కి అడ్డంగా తల పెరగడం ఆగి, ఇంకో వైపు సాగుతుందని జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్హో 1851లోనే రాశారు. దీని సంగతి చివర్లో మళ్లీ చెబుతాను, అన్నిటికంటే ముఖ్యమైనది అదే.

మరి బయటి ఒత్తిడితో తల ఆకారం అసలు మారదా? మారుతుంది. పెరూలోని పరకాస్ సమాధుల్లో దొరికిన పొడుగు పుర్రెలు అలా చేసినవే. ఫ్రాన్స్‌లోని టూలూజ్ ప్రాంతంలో పసిపిల్లల తలకు గుడ్డ బిగించి కట్టే అలవాటు 20వ శతాబ్దం మొదటి దాకా ఉంది. అయితే వాళ్లు చేసింది రోజుకు అయిదు నిమిషాల మాలిష్ కాదు. పలకలతోనో పట్టీలతోనో నెలల తరబడి, రాత్రీ పగలూ బిగించి ఉంచారు. ఎముక పెరిగే దారిని మార్చాలంటే అంత ఎడతెగని ఒత్తిడి కావాలి. స్నానం ముందు కాసేపు ఒత్తితే తల మారదు, బిడ్డకు నొప్పి మాత్రం తెలుస్తుంది. 40 రోజుల గడువుకు ఎముకల్లో ఏ ఆధారమూ లేదు. 41వ రోజున ఏ అతుకూ మూసుకోదు.

‘మాడు కొట్టుకుంటే బలహీనత. నూనె నిలిపి అదిమితే పూడుతుంది.’

రెండు నుదుటి ముక్కలూ, రెండు పక్క ఎముకలూ కలిసే చోట మిగిలిన ఖాళీయే మాడు. వజ్రం ఆకారంలో, సగటున 2 సెంటీమీటర్లు ఉంటుంది. కొందరిలో చిన్నది, కొందరిలో పెద్దది, రెండూ మామూలే. వెనక ఇంకో చిన్న మాడు, ముక్కోణంలో ఉంటుంది. అది రెండు మూడు నెలల్లో పూడిపోతుంది, చాలామంది దాన్ని గమనించరు కూడా. కణతల దగ్గర రెండు, చెవుల వెనక రెండు కలుపుకుంటే మొత్తం ఆరు.

ముందు మాడు కొట్టుకోవడం రోగం కాదు. మెదడు రక్తనాళాల్లో నాడి ఆడుతున్నప్పుడు ఆ కదలిక పైకి కనిపిస్తుంది, అంతే. మన తలలోనూ అదే జరుగుతుంది, పైన ఎముక ఉండబట్టి కనిపించదు. దానికి భయపడి తల్లులు బిడ్డకు తలస్నానమే చేయించకపోవడం నేను చూశాను. అంత భయం అక్కర్లేదు. జుట్టు కింద దళసరి చర్మం, దాని కింద పీచు పొరలు, అన్నిటి కిందా మెదడును చుట్టి ఉండే డ్యూరా అనే గట్టి పొర ఉంటాయి. వేలితో మెత్తగా తాకవచ్చు, కడగవచ్చు, తుడవవచ్చు. డాక్టర్ ప్రతిసారీ తాకి చూసేది అక్కడే.

నూనె వల్ల మాడు పూడదు. పైన పోసింది చర్మం దగ్గరే ఆగుతుంది. ఎముక అంచు పెరిగితేనే మాడు పూడుతుంది. చాలామందిలో అది ఏడాది నుంచి ఏడాదిన్నర మధ్య జరుగుతుంది. కొందరిలో అంతకు ముందే, కొందరిలో రెండేళ్ల దాకా. రెండేళ్లు దాటినా పూడకపోతే చూడాల్సింది ఎముకలు మెత్తబడే రికెట్స్ జబ్బు ఉందా, థైరాయిడ్ తక్కువగా ఉందా, తలలో నీరు చేరుతోందా అని. ఎముక గట్టిపడటానికి బిడ్డకు నిజంగా కావాల్సింది విటమిన్ డి. భారత పిల్లల వైద్యుల సంఘం మొదటి ఏడాదంతా రోజుకు 400 యూనిట్ల చుక్కలు వేయమంటోంది. మాడు మీద రోజూ గిన్నెడు ఆముదం నిలిపే ఇంట్లోనే ఈ చుక్కల సీసా మూత తీయకుండా ఉండటం నన్ను చాలా బాధపెడుతుంది. మాడు త్వరగా పూడాలన్న ఆత్రమే తప్పు. మెదడు పెరగడానికి చోటు కావాలి, ఆ చోటు ఇదే.

మాడు చూసి నిజంగా పరిగెత్తాల్సిన సందర్భాలు రెండు. వాంతులు, విరేచనాలతో ఉన్న బిడ్డకు మాడు గుంటపడితే ఒంట్లో నీరు తగ్గిందని అర్థం. బిడ్డ ఏడవకుండా, నిటారుగా ఎత్తుకున్నప్పుడు కూడా మాడు ఉబ్బి గట్టిగా ఉంటే, దానికి తోడు జ్వరం, మత్తు, పాలు తాగకపోవడం కనిపిస్తే మెదడు పొరల జబ్బు కావచ్చు. రెండింటికీ అదే రోజు, ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లాలి. ఏడ్చేటప్పుడు కాస్త ఉబ్బడం మాత్రం మామూలు.

‘బొడిపె ఉంటే రుద్ది కరిగించాలి.’

మొత్తం మెసేజ్‌లో నాకు ఎక్కువ భయం కలిగించిన మాట ఇది. పుట్టిన పిల్లల తల మీద కనిపించే వాపులు మూడు రకాలు. అవి ఏ పొరలో ఉన్నాయో తెలిస్తేనే ప్రమాదం తెలుస్తుంది.

నెత్తికి అయిదు పొరలు ఉంటాయి. చర్మం, దాని కింద రక్తనాళాలతో నిండిన గట్టి పొర, ఆ తర్వాత నుదుటి కండరాన్నీ వెనక తల కండరాన్నీ కలిపే తెల్లని పీచు పట్టీ. ఈ మూడూ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. కనుబొమలు ఎగరేస్తే నెత్తి చర్మం మొత్తం కదిలేది అందుకే. నాలుగోది వదులు పొర, దాని మీదే పైమూడూ జారుతాయి. అయిదోది ఎముకను అంటిపెట్టుకున్న పొర.

కాన్పులో నొక్కుకుపోయి చర్మం కింద నీరు చేరితే వచ్చేది మెత్తని వాపు. పుట్టగానే కనిపిస్తుంది, అతుకులు దాటి పరుచుకుంటుంది, రెండు మూడు రోజుల్లో పోతుంది. డాక్టర్లు కాపుట్ అంటారు. దీన్ని ఏమీ చేయనక్కర్లేదు.

రెండోది సెఫాల్‌హెమటోమా. ఎముకకూ, దాన్ని అంటుకున్న అయిదో పొరకూ మధ్య రక్తం చేరుతుంది. ఆ పొర అతుకుల దగ్గర గట్టిగా పట్టుకుని ఉంటుంది కనుక వాపు ఒకే ఎముక మేర ఆగిపోతుంది, నడినెత్తి గీత దాటదు. పుట్టిన గంటల తర్వాతో మర్నాడో కనిపిస్తుంది, తగ్గడానికి కొన్ని వారాల నుంచి మూడు నెలల దాకా పడుతుంది. మన వాళ్లు ‘బొడిపె’ అని రుద్దేది ఎక్కువగా దీన్నే. లోపలిది గడ్డకట్టిన రక్తం, రుద్దితే కరగదు. కొందరిలో కింద ఎముకకు సన్నని పగులు కూడా ఉంటుంది. రుద్ది రుద్ది పై చర్మం ఒరుసుకుపోతే సూక్ష్మక్రిములు లోపలికి పోయి చీము పట్టవచ్చు. సూదితో తీయించడం కూడా ఇందుకే వద్దంటారు. గమనించాల్సింది ఒకటే. ఆ రక్తం విరిగేటప్పుడు పసికామెర్లు పెరగవచ్చు, అందుకని ఒంటి రంగు పసుపుగా మారుతుంటే చూపించాలి.

మూడోది అరుదు, కానీ ప్రాణాంతకం. పీచు పట్టీ కింద ఉన్న ఆ నాలుగో వదులు పొరలో రక్తస్రావం. వాక్యూమ్ పెట్టి లాగిన కాన్పుల్లో ఎక్కువగా వస్తుంది. అక్కడ రక్తాన్ని ఆపే అడ్డు ఏదీ లేదు. కనుబొమల నుంచి మెడ దాకా, చెవుల వెనక్కీ పాకిపోతుంది. మూడు కిలోల బిడ్డ ఒంట్లో ఉండే మొత్తం రక్తం పావులీటరు. అందులో చాలా భాగం ఈ ఒక్క పొరలోకే పోవచ్చు. తల మీద వాపు నొక్కితే మెత్తగా కదులుతూ గంటగంటకూ పెరుగుతుంటే, చెవులు ముందుకు తోసుకొస్తుంటే, బిడ్డ పాలిపోతుంటే అది మాలిష్ చేసే సమయం కాదు. బిడ్డను వెంటనే డాక్టర్‌కు చూపించాలి.

‘ముక్కు లాగితే కొనదేలుతుంది, బుగ్గ నొక్కితే సొట్ట.’

ముక్కులో ఎముక ఉండేది పై మూడో వంతులోనే, మిగిలింది మృదులాస్థి, మన వాడుకలో మెత్తటి ఎముక. పసిపిల్లలందరికీ ముక్కు దూలం పల్లంగానే ఉంటుంది. లోపలి అడ్డుగోడ టీనేజీ దాకా పెరుగుతూ దాన్ని పైకి లేపుతుంది. ఎంత లేస్తుందన్నది అమ్మానాన్నల నుంచి వచ్చినదాన్ని బట్టి ఉంటుంది. ఆ పెరుగుదలకు గిల్లడం తోడ్పడదు. పైగా పసిబిడ్డ ఊపిరి తీసుకునేది ప్రధానంగా ముక్కుతోనే. రోజూ గిల్లి లోపల వాచితే పాలు తాగేటప్పుడు ఊపిరాడక ఏడుస్తుంది.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. పుట్టిన మొదటి వారాల్లో తల్లి నుంచి వచ్చిన ఈస్ట్రోజెన్ వల్ల మెత్తటి ఎముక ఇంకాస్త వంగే స్థితిలో ఉంటుంది. 1980లలో జపాన్ సర్జన్లు దీన్ని వాడుకునే, ముడుచుకుపోయిన చెవులను ఆపరేషన్ లేకుండా సరిచేయడం మొదలుపెట్టారు. పెదవి చీలికతో పుట్టిన పిల్లలకు సర్జరీకి ముందు ముక్కు రంధ్రాన్ని పైకెత్తే ప్లేట్లు పెట్టేదీ ఇందుకే. రెండింటిలోనూ కొలిచి చేసిన అచ్చు వారాల తరబడి అలాగే ఉంటుంది, డాక్టర్ మళ్లీ మళ్లీ సరిచేస్తారు. చెవి మడతపడి పుట్టిన బిడ్డను మొదటి రెండు మూడు వారాల్లోనే ప్లాస్టిక్ సర్జన్‌కు చూపించడం ఎంతో మేలు. మామూలు ముక్కును గిల్లడానికీ దీనికీ సంబంధం లేదు.

సొట్ట విషయం చిన్నది. నవ్వినప్పుడు పెదవి మూలను పైకి లాగే కండరం కొందరిలో రెండు పాయలుగా చీలి ఉంటుంది, మధ్యలో చర్మం లోపలికి లాగుకుపోతుంది. వేలు పెట్టి కండరాన్ని చీల్చలేం.

‘ముక్కులో, చెవిలో నూనె వేస్తే మెదడుకు చలవ.’

చెవిలో పోసింది కర్ణభేరి దగ్గర ఆగుతుంది. తడి, జిడ్డు నిలిచి అక్కడ బూజు, ఇన్ఫెక్షన్ పడతాయి. ముక్కులో పోసింది గొంతులోకి, అక్కడి నుంచి ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. నూనెకు నీటిలా దగ్గు రాదు, చప్పుడు లేకుండా దిగిపోతుంది. దాని వల్ల వచ్చే న్యుమోనియాకు లిపాయిడ్ న్యుమోనియా అని ప్రత్యేకంగా పేరే ఉంది. ఈ ఒక్కటీ ఈ రోజే మానేయండి.

‘ఆవాల దిండు పెడితే తల చదును కాదు.’

ఒకే వైపు పడుకుంటే ఆ వైపు తల చదునవుతుంది, నిజమే. రోజులో చాలా గంటలు అదే చోట బరువు పడుతుంది కదా. కానీ ఏడాది లోపు బిడ్డకు ఏ దిండూ వద్దు. ముఖం అందులో కూరుకుపోతే తప్పించుకునే బలం ఆ మెడకు లేదు. కుట్టు ఊడితే ఆవాలు నోట్లోకి, ముక్కులోకి పోతాయి. చదును పోతుందని రాత్రి బోర్లా పడుకోబెట్టేవాళ్లూ ఉన్నారు, అది ఇంకా ప్రమాదం. వెల్లకిలా పడుకోబెట్టమని అమెరికా పిల్లల వైద్యులు 1992 నుంచి చెప్పడం మొదలుపెట్టాక అక్కడ నిద్రలో జరిగే శిశు మరణాలు సగానికి పైగా తగ్గాయి.

చేయాల్సింది సులువు. నిద్రకు వెల్లకిలా, మెలకువగా ఉన్నప్పుడు మీ కళ్ల ముందు బోర్లా. తల ఎటు పెట్టి పడుకోబెడతారో రోజు మార్చి రోజు మార్చండి, ఎందుకంటే బిడ్డ తలుపు వైపో, మనుషుల వైపో తిరుగుతాడు. ఎటు మార్చినా ఒకే వైపు తిరుగుతుంటే మెడ కండరం పట్టేసి ఉండవచ్చు, ఫిజియోథెరపిస్ట్‌కు చూపించండి. మా బంధువుల బాబుకు ఉన్నది ఈ చదునే, కుడి వెనక భాగంలో కాస్త.

ఇక ‘డాక్టర్లు చెప్పరు’ అన్న మాట. గడువు ఉన్న జబ్బు నిజంగానే ఒకటి ఉంది, దాన్ని ఈ మెసేజ్ చెప్పలేదు. విర్హో రాసిన ఆ ముందే మూసుకుపోయే అతుకు. సుమారు రెండు వేల నుంచి రెండున్నర వేల జననాల్లో ఒకరికి ఉంటుంది. ఎక్కువగా మూసుకుపోయేది నడినెత్తి అతుకు, అప్పుడు తల పక్కలకు పెరగలేక ముందుకూ వెనక్కూ పొడుగ్గా, పడవలా సాగుతుంది. కాన్పులో సాగిన తల రోజురోజుకూ సర్దుకుంటుంది, ఇది మాత్రం రోజురోజుకూ స్పష్టమవుతుంది. వేలు పెట్టి తడిమితే అతుకు వెంట గట్టి గట్టులా తగులుతుంది. నుదురు ఒక వైపే వెనక్కి పోవడం, కళ్లు ఎగుడుదిగుడుగా ఉండటం కూడా దీని గుర్తులే కావచ్చు. టీకాలకు వెళ్లిన ప్రతిసారీ కనుబొమల పై నుంచి వెనక ఉబ్బు మీదుగా టేపు చుట్టి తల కొలిచి రాయమని అడగండి. మూడు నెలల దాకా నెలకు సుమారు 2 సెంటీమీటర్లు పెరగాలి, ఆ తర్వాత ఆరు నెలల దాకా నెలకు ఒకటి.

మూసుకుపోయిన అతుకును ఏ మాలిష్ కూడా తెరవలేదు, సర్జన్ తెరవాలి. ఎండోస్కోపీతో చిన్న కోత పెట్టి చేసే పద్ధతికి సాధారణంగా మూడు నాలుగు నెలల లోపు బిడ్డనే తీసుకుంటారు. ఆ నెలలు ‘ఒత్తుతున్నాం, వస్తుంది’ అనుకుంటూ గడిచిపోతే మిగిలేది చెవి నుంచి చెవి దాకా కోసి, ఎముకలు తీసి మళ్లీ అమర్చే పెద్ద ఆపరేషన్.